ఎల్‌టీవో-10 టేప్ కొనాలా? "ఓపెన్ స్టాండర్డ్" మాట ఎంతవరకు నిజం?

ప్రశ్న కుదించి: "హన్మకొండలో వీడియో స్టూడియో నడుపుతున్నాను. 2014 నుంచి తీసిన పెళ్ళిళ్ళు, మేడారం జాతరలు, చిన్న డాక్యుమెంటరీలు అన్నీ కలిపి 90 టీబీ దాకా ఉన్నాయి. నలభైకి పైగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లో పడేశాను. పోయిన నెల ఒకటి పోయింది. డీలర్ కొత్త ఎల్‌టీవో-10 టేప్ డ్రైవ్‌కు కొటేషన్ ఇచ్చాడు. ఓపెన్ స్టాండర్డ్ కాబట్టి ఏ కంపెనీదైనా నడుస్తుందట. ఓపెన్ అనేది పేరుకే అని మా దోస్తు అంటున్నాడు. ఇండస్ట్రీలో ఏమనుకుంటున్నారు? నేను కొనొచ్చా?"

తమ్మీ, డీలర్ చెప్పింది సగం నిజం, నీ దోస్తు చెప్పింది మిగతా సగం. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట: ఎల్‌టీవో (లీనియర్ టేప్-ఓపెన్) అంటే డేటాను అయస్కాంత టేపు క్యాసెట్లలో దాచే పద్ధతి, పక్కనున్న అంకె అది ఎన్నో తరమో చెప్తుంది. డ్రైవ్ అంటే ఆ టేపుల మీద రాసి, చదివే మెషీన్. ఓపెన్ స్టాండర్డ్ అంటే ఒక్క కంపెనీ సొత్తు కాని ప్రమాణం.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే వీడెవడు మధ్యలో అనుకుంటావు. 1999లో హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ రిపేర్ షాపులో పనికి కుదిరాను. రెండేళ్ళకు హైదరాబాద్ వెళ్ళి బ్యాకప్ పనిలో పడ్డాను. పగలంతా జనం సిస్టమ్‌ల మీద పని చేసుకుని ఇళ్ళకు పోతే, రాత్రి ఆ డేటా టేపుల్లోకి ఎక్కించి, పొద్దున టేపులు డబ్బాలో సర్ది వేరే బిల్డింగ్‌కు పంపడం మా డ్యూటీ. ఇరవై ఏళ్ళకు పైగా అదే చేశాను. ఇప్పుడు కాజీపేటలో ఇంటి పట్టునే ఉంటూ అడిగినవాళ్ళకు సలహాలు ఇస్తున్నా. ఎల్‌టీవో మొదటి తరం వచ్చినప్పుడు మా లైన్‌లో వాళ్ళు ఏమేం అన్నారో దగ్గరుండి విన్నాను. పదో తరం గురించి ఇప్పుడు వింటున్న మాటల్లో చాలావరకు నాకు పాతవే.

జవాబు ముందే చెప్పేస్తా. టేప్‌కు మారు, ఎల్‌టీవో-10కు మాత్రం ఇప్పుడు పోకు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో టేపంటే ఎవరి గోల వాళ్ళది. చిన్న ఆఫీసుల్లో 4 ఎంఎం డీడీఎస్ క్యాసెట్లు, కొన్నిచోట్ల 8 ఎంఎం టేపులు, పెద్ద సర్వర్లున్న చోట డీఎల్‌టీ. ఒకదాని టేప్ ఇంకోదాంట్లో చదవడం తర్వాత, అసలు మూతిలోనే దూరదు. మొబైల్ ఛార్జర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో పిన్నుతో ఉండే రోజులు గుర్తున్నాయి కదా, అట్లా. ఛార్జర్ అయితే కొత్తది కొనుక్కుంటాం, పాత టేపులో ఇరుక్కున్న డేటాను ఏ షాపులో కొంటాం?

వీటిలో డీఎల్‌టీది రాజ్యం. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1984లో మొదలుపెట్టిన టెక్నాలజీ అది, 1994లో క్వాంటమ్ అనే కంపెనీ కొనుక్కుంది. మంచి మెషీనే. నేను ముట్టుకున్న డీఎల్‌టీ డ్రైవులు మొండి గేదెల్లా పనిచేశాయి. కానీ పగ్గం ఒక్కరి చేతిలోనే ఉండేది. అది మిగతా పెద్దవాళ్ళకు మింగుడుపడలేదు. 1990ల చివర్లో ఐబీఎం, హెచ్‌పీ, సీగేట్ కలిసి ఎల్‌టీవో అని ఒక కొత్త ప్రమాణం ప్రకటించాయి. బయట మార్కెట్లో ఒకరి గొంతు ఒకరు పట్టుకునే కంపెనీలు ఈ ఒక్క విషయంలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. లైసెన్స్ తీసుకుంటే ఎవరైనా డ్రైవ్ చేయొచ్చు, ఎవరైనా టేప్ చేయొచ్చు, ఒకరి డ్రైవ్‌లో రాసిన టేప్ ఇంకొకరి డ్రైవ్‌లో చదవాలి, అది నిజంగా చదువుతుందని బయటి ల్యాబ్‌లో పరీక్ష పాసైతేనే పెట్టె మీద ముద్ర. ఇదీ ఒప్పందం.

అప్పుడు జనం ఏమన్నారనుకున్నావు? డీఎల్‌టీ వైపు వాళ్ళ మాట ఒక్కటే: "మా పాత టేపులు ఇది చదవదు కదా." ఆ మాటలో న్యాయం ఉంది. వేల టేపులు అల్మారాల్లో పేర్చుకున్న కంపెనీకి కొత్త డ్రైవ్ ఎంత గొప్పదైనా సంబరం ఏముంటుంది? క్వాంటమ్ ఆ బలం మీదే సూపర్ డీఎల్‌టీని దింపింది. అది పాత డీఎల్‌టీ టేపులు చదివేది.

మా ఇంజినీర్ల అనుమానం వేరు. ముగ్గురు కంపెనీలవాళ్ళు ముగ్గురు వంటవాళ్ళలాంటివాళ్ళు, చేతిలో కాగితం ఒకటే అయినా పప్పు ఒకే రుచి వస్తుందా అని. పైగా స్టాండర్డ్ అంటూనే రెండు రకాలు ప్రకటించారు. ఒకటి యాక్సెలిస్, ఫైల్ తొందరగా దొరకడానికి. రెండోది అల్ట్రియమ్, ఎక్కువ డేటా పట్టడానికి. "ఒక్కటి చేస్తామని రెండు చేశారేంటి?" అని నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. తొందరగా దొరకాల్సిన డేటాకు హార్డ్ డిస్కే చాలనిపించింది, యాక్సెలిస్ మార్కెట్ మొహం చూడకుండానే పోయింది. ఇవాళ నువ్వు చూసే ప్రతి ఎల్‌టీవో టేపూ అల్ట్రియమే. డబ్బా మీద ఆ పేరు ఇప్పటికీ ఉంటుంది చూడు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో డీలర్ల బాధ ఇంకోటి. ఒక డీలర్ నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: "ఎక్కడ కొన్నా నడుస్తుందంటే మరి నా దగ్గరే ఎందుకు కొంటారు సార్?" స్టాండర్డ్ గురించి నేను విన్నవాటిలో అంత నిజాయితీ ఉన్న అభిప్రాయం ఇంకోటి లేదు.

2000లో ఎల్‌టీవో-1 వచ్చింది. టేపుకు 100 జీబీ. అప్పటికి డీఎల్‌టీ8000 టేపులో 40 జీబీ, సెకనుకు 6 ఎంబీ. ఎల్‌టీవో దానికి రెండింతలకు పైగా వేగం. రాత్రంతా నడిచి పొద్దున ఆఫీసు తెరిచేసరికి కూడా పూర్తికాని బ్యాకప్ తెల్లారుజామున మూడింటికే అయిపోతుంటే స్టాండర్డ్ ఎవరిదని ఎవరడుగుతారు? నాలుగైదేళ్ళు సూపర్ డీఎల్‌టీ, ఎల్‌టీవో కుస్తీ పట్టాయి. 2005లో క్వాంటమ్, సీగేట్ టేప్ విభాగం నుంచి విడిపోయి ఏర్పడ్డ సెర్టెన్స్‌ను కొనేసింది. అంటే ఎల్‌టీవోను ఎదిరించిన కంపెనీయే ఎల్‌టీవో కూటమిలో మెంబర్ అయి కూర్చుంది. ఇంకో రెండేళ్ళకు డీఎల్‌టీ కథ ముగిసింది. ఇప్పుడు ఆ కూటమిలో ఉన్నవి ఐబీఎం, హెచ్‌పీఈ, క్వాంటమ్.

ఇక నీ దోస్తు చెప్పిన సగం దగ్గరికి వద్దాం. ఓపెన్ అనే మాటను నేను మూడు చోట్ల విడివిడిగా చూస్తాను: డ్రైవ్ ఎంతమంది చేస్తున్నారు, టేప్ ఎంతమంది చేస్తున్నారు, టేపు మీద రాసిన రాతను ఎంతమంది చదవగలరు.

డ్రైవ్ సంగతి చూడు. మొదట్లో ముగ్గురు చేసేవాళ్ళు. ఎనిమిదో తరం నుంచి లోపలి మెకానిజం ఐబీఎం ఒక్కటే చేస్తోంది. డబ్బా మీద ఏ స్టిక్కర్ ఉన్నా లోపలి ఇంజిన్ అదే. డీలర్ "ఏ కంపెనీదైనా" అన్నాడు కదా, ఆ కంపెనీలు ఇప్పుడు ఎక్కువగా స్టిక్కర్లే.

టేప్ చేసేవాళ్ళు ఇద్దరు, ఫ్యూజీఫిల్మ్, సోనీ. ఇద్దరుంటే ఏమవుతుందో 2018, 2019లో మాకు బాగా తెలిసొచ్చింది. ఎల్‌టీవో-8 డ్రైవులు 2017 చివర్లో వచ్చాయి. అప్పటికే ఆ ఇద్దరూ పేటెంట్ల మీద కోర్టుల్లో కొట్టుకుంటున్నారు. ఆ గొడవలో ఎల్‌టీవో-8 టేపులు మార్కెట్లో దొరకలేదు. కొత్త డ్రైవ్ కొనుక్కుని, అందులో పెట్టడానికి టేప్ లేక పాత ఎల్‌టీవో-7 టేపులతో నెట్టుకొచ్చాం. లక్షలు పోసి బండి కొని పెట్రోల్ లేక షెడ్డులో పెట్టినట్టుంది అని మా మేనేజర్ రోజూ సణిగేవాడు. 2019 ఆగస్టులో వాళ్ళిద్దరూ రాజీపడ్డాకే సరుకు మామూలుగా రావడం మొదలైంది. కాగితం మీద ఎంత ఓపెన్ స్టాండర్డ్ అయినా చేసేవాళ్ళు ఇద్దరే ఉంటే ఇట్లాగే ఉంటుంది.

మూడోది రాత. అందరూ మర్చిపోయేది ఇదే, నాకు దెబ్బ తగిలింది కూడా ఇక్కడే.

కరీంనగర్ వైపు ఒక ఆఫీసు నుంచి పదేళ్ళ కిందట ఫోన్ వచ్చింది. పాత రికార్డులు ఎల్‌టీవో-3 టేపుల్లో ఉన్నాయి, ఆడిట్ వాళ్ళు అడుగుతున్నారు, తీసివ్వాలి అని. ఇదేం పెద్ద పని అనుకున్నా. ఎల్‌టీవో-5 డ్రైవ్ ఎల్‌టీవో-3 టేపును చదువుతుంది, నా దగ్గర ఒకటి ఉంది. దాన్ని కారులో వేసుకుని వెళ్ళాను. టేప్ పెట్టగానే లోపల సన్నగా గిర్రుమని తిరిగింది, పచ్చ లైటు వెలిగింది. డ్రైవ్‌కు టేప్ శుభ్రంగా కనబడుతోంది. లోపలున్నది మాత్రం ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఎందుకంటే ఆ టేపు రాసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ది సొంత లిపి. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఎప్పుడో అయిపోయింది, దాని సర్వర్‌ను తుక్కుకింద అమ్మేశారు. ఏ ఫైల్ ఏ టేపులో ఉందో చెప్పే కేటలాగ్ ఆ సర్వర్‌తోనే పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ సంపాదించి, పదహారు టేపులూ మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటిగా చదివించి కేటలాగ్ మళ్ళీ కట్టేసరికి పన్నెండు రోజులు పట్టింది. అందులో నాలుగు రోజులు లైసెన్స్ కోసం మెయిళ్ళే. టేప్ తప్పు లేదు, డ్రైవ్ తప్పు లేదు, అయినా పని పన్నెండు రోజులు ఆగింది.

ఆ రోగానికి మందు ఎల్‌టీఎఫ్‌ఎస్, అంటే లీనియర్ టేప్ ఫైల్ సిస్టమ్. ఎల్‌టీవో-5తో పాటు 2010లో వచ్చింది. టేపును రెండు భాగాలు చేసి, చిన్న భాగంలో విషయసూచిక, పెద్ద భాగంలో ఫైళ్ళు పెడుతుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే పెన్ డ్రైవ్ లాగా ఫోల్డర్లు కనబడతాయి. దాని పద్ధతంతా అచ్చులో ఉంది, 2016లో ఐఎస్‌వో స్టాండర్డ్ కూడా అయింది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్‌తో సహా. ఎల్‌టీవో మొత్తంలో నిజంగా ఓపెన్ అని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేది ఇదొక్కటే. కాబట్టి ఏ డ్రైవ్ కొన్నా సరే, టేపులు ఎల్‌టీఎఫ్‌ఎస్‌లోనే రాయి. డీలర్ ఏదో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇస్తానంటే "అది మామూలు ఎల్‌టీఎఫ్‌ఎస్ టేప్ రాస్తుందా?" అని ఒక్క మాట అడుగు. నీళ్ళు నమిలితే వదిలెయ్యి.

ఇప్పుడు పదో తరం. 2025లో వచ్చింది. టేపుకు 30 టీబీ. అదే డ్రైవ్‌లో నడిచే 40 టీబీ టేపును కూడా ఆ ఏడాది చివర్లో ప్రకటించారు. డబ్బా మీద 75 టీబీ అని కనబడితే మోసపోకు, అది డేటాను కుదించి పెడితే అనే లెక్క. వీడియో కెమెరాలోనే కుదించి ఉంటుంది, దాన్ని ఇంకా కుదించడం అయ్యే పని కాదు. నీకు 30 అంటే 30.

మా లైన్‌లో వాళ్ళ స్పందన రెండు ముక్కలుగా ఉంది. పెద్ద డేటా సెంటర్లలో పనిచేసే నా పాత మిత్రులకు సంతోషమే. వాళ్ళకు రోబో చేతులున్న టేప్ లైబ్రరీలుంటాయి, ఒక్కో అరకు ఎంత ఎక్కువ పడితే అంత అద్దె మిగులు. చిన్నవాళ్ళకు మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. కారణం ఏమిటంటే ఎల్‌టీవో-10 డ్రైవ్ పాత తరం టేపు ఏదీ చదవదు. ఎల్‌టీవో-9 టేపు కూడా.

అది ఎంత పెద్ద మార్పో చూడు. ఏడో తరం దాకా ఒక మర్యాద నడిచింది: డ్రైవ్ తన వెనక ఒక తరం టేపు మీద రాస్తుంది, రెండు తరాల టేపులు చదువుతుంది. ఎనిమిదిలో అది ఒక తరానికి తగ్గింది. తొమ్మిదిలో 24 టీబీ ఇస్తామని ముందు చెప్పి 18 దగ్గర ఆగారు. పదిలో వెనక్కి చూడటమే మానేశారు. టేపు మీద రాసే, చదివే హెడ్డు మారింది, టెక్నాలజీ మారింది, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, కాదనను. కానీ 1990ల చివర్లో డీఎల్‌టీవాళ్ళు అన్న మాటే ఇప్పుడు ఎల్‌టీవో సొంత ఇంట్లోవాళ్ళు అంటున్నారు: "మా పాత టేపులు ఇది చదవదు కదా."

సరే, నీ లెక్క వేద్దాం. 90 టీబీకి ఎల్‌టీవో-8 అయితే ఎనిమిది టేపులు, ఒక్కోటి 12 టీబీ. ఎల్‌టీవో-9 అయితే కాగితం మీద ఐదు. ఎల్‌టీవో-10 అయితే మూడు. ఎల్‌టీఎఫ్‌ఎస్ విషయసూచికకు కొంత జాగా పోతుంది కాబట్టి ఈ రెండింటిలో ఒకటి ఎక్కువే పట్టొచ్చు. రెండు కాపీలు తప్పనిసరి కాబట్టి పదహారు, పది, ఆరు. మూడు టేపుల్లో ఇన్నేళ్ళ పని అంటే వినడానికి బాగుంటుంది, కానీ ఒక్క టేపు కింద పడితే మూడో వంతు బతుకు కింద పడ్డట్టే. డ్రైవ్ ఖరీదు లక్షల్లో, టేపు వేలల్లో ఉంటుంది. నీ సైజు స్టూడియోకు టేపుల సంఖ్య తగ్గి మిగిలే డబ్బు కొత్త డ్రైవ్‌కు పెట్టే అదనాన్ని పూడ్చదు. 500 టీబీ ఉంటే వేరే మాట.

నేనైతే ఎల్‌టీవో-9 డ్రైవ్ కొని అందులో ఎల్‌టీవో-8 టేపులు వాడతాను. వింతగా అనిపించొచ్చు. ఎల్‌టీవో-8 టేపును ఎనిమిదో తరం డ్రైవ్ చదువుతుంది, తొమ్మిదో తరం డ్రైవ్ కూడా చదువుతుంది. ఎల్‌టీవో-9 టేపును తొమ్మిదో తరం డ్రైవ్ ఒక్కటే చదువుతుంది, ఎందుకంటే పదికి దానితో పొత్తు లేదు. పదేళ్ళ తర్వాత నీ డ్రైవ్ మూలుగుతూ పడిపోతే, సెకండ్ హ్యాండ్‌లో వెతకడానికి రెండు తరాల డ్రైవులుండటం మేలా, ఒక్క తరమే ఉండటం మేలా? ఇంకో చిన్న లాభం ఉంది. కొత్త ఎల్‌టీవో-9 టేపును మొదటిసారి పెట్టగానే డ్రైవ్ దాన్ని కొలతలు చూసుకుని సర్దుకుంటుంది, ఒక్కోసారి రెండు గంటల దాకా పడుతుంది. ఎల్‌టీవో-8 టేపుకు ఆ తతంగం లేదు. ఎల్‌టీవో-8 డ్రైవే మంచి కండిషన్లో, వారంటీతో దొరికితే అదీ చాలు.

డబ్బు గురించి ఇంకో మాట. హన్మకొండ, వరంగల్‌లో నీలాంటి స్టూడియోలు ఎన్నున్నాయి? నలుగురు కలిసి ఒక డ్రైవ్ కొనండి. ఊళ్ళో పొత్తులకు ట్రాక్టర్ పెట్టుకున్నట్టు. ఎవరి టేపులు వాళ్ళవి, డ్రైవ్ అందరిదీ. నెలకు రెండు రోజులు కూడా ఒక స్టూడియోకు డ్రైవ్‌తో పని ఉండదు. ఎల్‌టీఎఫ్‌ఎస్‌లో రాస్తే, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవరి కంప్యూటర్‌కు డ్రైవ్ తగిలించినా ఎవరి టేపైనా తెరుచుకుంటుంది.

కొన్నాక నువ్వు చేయబోయే మొదటి తప్పు కూడా నాకు తెలుసు: పాత యూఎస్‌బీ హార్డ్ డిస్కు నుంచి నేరుగా టేపుకు కాపీ పెడతావు. ఎల్‌టీవో-8, 9 చిన్న సైజు డ్రైవులు సెకనుకు 300 ఎంబీ మింగుతాయి. నీ డిస్కు వంద, నూట ఇరవై ఇస్తుంది, చిన్న ఫైళ్ళు ఎక్కువుంటే అదీ ఇవ్వదు. డ్రైవ్ కొంతవరకు తన వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ డేటా అందకపోతే ఆగి, టేపును వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు పరిగెత్తి, ఆగిన చోట అందుకుంటుంది. ఆ శబ్దం ఒకసారి వింటే మర్చిపోవు. గుయ్యిమని సాగే డ్రైవ్ ఉన్నట్టుండి గర్‌ర్, టక్, గర్‌ర్, టక్ అంటుంది. మేము దాన్ని బూటు పాలిష్ అనేవాళ్ళం, గుడ్డ అటూ ఇటూ లాగినట్టు టేపు హెడ్డు మీద అటూ ఇటూ రుద్దుకుంటుంది కాబట్టి. టేపూ అరుగుతుంది, హెడ్డూ అరుగుతుంది. అందుకని ముందు డేటాను ఒక పెద్ద ఎస్‌ఎస్‌డీ మీదికో, నాలుగు డిస్కులు కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ మీదికో తెచ్చుకుని, అక్కణ్ణుంచి టేపుకు పంపు. 12 టీబీ టేపు నిండటానికి ఆ వేగంతో పదకొండు గంటలు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున టిఫిన్ టైముకు అయిపోతుంది.

ఆ పదకొండు గంటల్లో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే దాన్ని జాగ్రత్తగా చూస్తావు. ఎల్‌టీవో-8 టేపు పొడవు 960 మీటర్లు, వెడల్పు అరంగుళం, మందం 5.6 మైక్రాన్లు. దాని మీద 6,656 ట్రాకులు. హెడ్డు ఒకేసారి 32 ట్రాకులు రాస్తుంది. అంటే ఆ చివర నుంచి ఈ చివరికి 208 సార్లు తిరగాలి. మొత్తం కలిపితే దాదాపు 200 కిలోమీటర్ల టేపు హెడ్డును రాసుకుంటూ పోతుంది. కాజీపేట నుంచి హైదరాబాద్ దాటి పోయే దూరం. దారి తప్పకుండా ఫ్యాక్టరీలోనే టేపు మీద సర్వో గుర్తులు రాసి పంపుతారు. పాత వీడియో క్యాసెట్లలాగా అయస్కాంతంతో చెరిపి మళ్ళీ వాడదామనుకుంటే ఆ గుర్తులూ పోతాయి, ఇక అది టేపు కాదు, ప్లాస్టిక్ ముక్క. మా స్టోర్స్‌లో ఒకాయన శుభ్రత ఎక్కువై ముప్ఫై టేపులు అట్లా పాడు చేశాడు.

దుమ్ము మన దగ్గర పెద్ద శత్రువు. పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ రోడ్డు వైపు గాల్లో దూది తేలుతుంది, కరీంనగర్ పక్కన గ్రానైట్ దుమ్ము. డ్రైవ్ ఎప్పుడూ ఏసీ గదిలో, నేల మీద కాకుండా బల్ల మీద ఉంచు. వాడనప్పుడు ఏదో గుడ్డ కప్పడం మంచిదే, నడుస్తున్నప్పుడు మాత్రం తీసెయ్యి, లోపల వేడెక్కుతుంది. క్లీనింగ్ టేపు ఒకటి కొనిపెట్టుకో, కానీ వారానికోసారి పూజలాగా వాడకు. డ్రైవ్ ముందున్న చిన్న అద్దంలో సీ అక్షరం వెలిగినప్పుడే పెట్టు.

ఎండాకాలం 44 డిగ్రీల్లో బండి మీద తెచ్చిన టేపును వెంటనే డ్రైవ్‌లో తోయకు. ఏసీ గదిలో ఒక రోజు ఉంచాకే పెట్టు. కింద పడిన టేపును కూడా అంతే, తొందరపడి పెట్టకు. పక్కనున్న చిన్న తలుపు వేలితో జరిపి చూడు, లోపల సన్నని పిన్ను రెండు వైపులా గాడిలో నిటారుగా ఉండాలి. వంకరగా ఉంటే డ్రైవ్ దాన్ని పట్టుకోలేక టేపునే నమిలేస్తుంది. ఇట్లాంటి టేపు వల్ల డ్రైవ్ పాడైతే బిల్లు చూసి నీకు జ్వరం వస్తుంది.

రెండో కాపీ హన్మకొండలోనే ఇంకో అల్మారాలో పెడతానంటావేమో. 2023 జులైలో ఏం జరిగిందో చూశావు కదా. కాలనీలకు కాలనీలే నీళ్ళలో ఉన్నాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఏదీ పెట్టకు, ఒక సెట్ ఊరు దాటించు. సికింద్రాబాద్‌లో చుట్టాలెవరైనా ఉంటే ఎనిమిది టేపులు ఒక చిన్న బ్యాగులో పడతాయి. కాజీపేటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కొన్ని గంటల్లో 90 టీబీ సికింద్రాబాద్‌లో ఉంటుంది. అదే డేటాను 100 ఎంబీపీఎస్ నెట్‌తో క్లౌడ్‌కు ఎక్కిస్తే, ఒక్క సెకను ఆగకుండా నడిచినా 83 రోజులు. మన దగ్గర ఒక్క సెకను ఆగకుండా ఏది నడిచింది?

క్లౌడ్ వద్దని కాదు. ఇంకా డెలివరీ ఇవ్వని, మళ్ళీ తీయలేని పనిని కొద్దిగా అక్కడ ఉంచుకో. కానీ గూగుల్ అంతటి కంపెనీయే 2011 ఫిబ్రవరిలో కొందరి జీమెయిల్ మాయమైతే చివరికి టేపుల్లోంచి తీసి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పు అన్ని ఆన్‌లైన్ కాపీలకూ పాకింది, అల్మారాలో ఉన్న టేపుకు పాకలేదు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్‌సమ్‌వేర్ వచ్చినా అంతే. రాయడం అయ్యాక టేపు అంచున ఉన్న చిన్న బుడిపెను జరిపి లాక్ చేయడం అలవాటు చేసుకో.

కాపీ అయిందని సంబరపడి పాత డిస్కులు వెంటనే ఫార్మాట్ కొట్టకు. ప్రతి ఫైలుకు చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టించే అంకె) తీసి, ఆ జాబితాను టేపులోనూ, ఒక పెన్ డ్రైవ్‌లోనూ, కాగితం మీద ప్రింటు కూడా ఉంచు. ఏ టేపులో ఏ పెళ్ళి ఉందో ఒక ఎక్సెల్ షీట్ రాసుకో. ఇది బోర్ పనే, నాకు తెలుసు. కానీ ఆ కరీంనగర్ పన్నెండు రోజుల్లో చాలావరకు ఇట్లాంటి షీటు లేకే పోయాయి. ఏడాదికోసారి ఏదో ఒక టేపు తీసి, ఏదో ఒక జాతర ఫైలు తెరిచి, చివరిదాకా ప్లే అవుతుందా చూడు. ఇంకోటి, ఎల్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైల్ డిలీట్ చేస్తే జాగా తిరిగి రాదు, మొత్తం ఫార్మాట్ చేస్తేనే వస్తుంది. కాబట్టి ఎడిటింగ్ పూర్తయిన ఫైళ్ళే ఎక్కించు.

కొటేషన్ మళ్ళీ తీసి చూడు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు సర్వర్లలో వాడే ఎస్‌ఏఎస్ కనెక్షన్ ఉంటుంది, నీ కంప్యూటర్లో దానికి కార్డు ఉండదు. కార్డు, కేబుల్, ఒక క్లీనింగ్ టేపు అందులో ఉన్నాయా? మ్యాక్ వాడుతుంటే థండర్‌బోల్ట్ డబ్బా వేరే అడగాలి. ఇవన్నీ తర్వాత చూద్దాం సార్ అంటాడు డీలర్, తర్వాత విడి విడిగా బిల్లు వేస్తాడు.

ఇక పోయిన డిస్కు. టక్ టక్ అని కొడుతుందా, అసలు తిరగట్లేదా, తిరిగి కూడా కనబడట్లేదా, రాయలేదు నువ్వు. టక్ టక్ అంటుంటే దాన్ని ఇంకోసారి ఆన్ చేయకు. పక్కవాడెవడో ఫ్రిజ్‌లో పెట్టమంటాడు, వినకు. కవర్లో చుట్టి అట్లాగే ఉంచి, లక్షణం ఏమిటో, ఏ మోడలో ఇక్కడ రాయి, చూద్దాం.